పెట్రోల్ ట్యాంకు ఏ పక్క? బంకులోకి తిరగకముందే తెలియాలి

కారు డ్యాష్‌బోర్డు మీద పెట్రోల్ మీటర్ దగ్గర పంపు బొమ్మ ఒకటి ఉంటుంది. ఇప్పటి కార్లలో చాలావాటికి దాని పక్కనే బియ్యపు గింజంత త్రికోణం, అంటే చిన్న బాణం గుర్తు, ఉంటుంది. దాని మొన ఎడమకి చూస్తుంటే ట్యాంకు మూత కారుకి ఎడమ పక్కన ఉన్నట్టు, కుడికి చూస్తుంటే కుడి పక్కన ఉన్నట్టు. సీట్లో కూర్చుని ముందుకి చూస్తున్నప్పుడు మనకి ఏది ఎడమో, ఏది కుడో, అదే లెక్క. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, ఆ గుర్తున్న కారు ఎవరిది తీసుకెళ్ళినా దిగి చూడక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు.

తెలిసినవాళ్ళకి ఇది చెప్పుకోవాల్సిన విషయంలాగే అనిపించదు. కానీ హైదరాబాద్‌లో ఏళ్ళ తరబడి కారు నడుపుతున్నవాళ్ళు కూడా చూపిస్తే "అవునా!" అని వంగి చూడటం నాకు తరచూ ఎదురవుతోంది. తప్పు వాళ్ళది కాదు. కారు అమ్మినవాళ్ళు చెప్పలేదు, డ్రైవింగ్ నేర్పినవాళ్ళు చెప్పలేదు. నా వాదన ఇది: ట్యాంకు ఏ పక్కన ఉందన్నది బంకులోకి తిరగకముందే డ్రైవర్‌కి తెలియాలి. అది తెలిసేలా చూడటం కారు తయారుచేసేవాళ్ళు, అమ్మేవాళ్ళు, నేర్పేవాళ్ళు చేయాల్సిన పని. "నీ కారు సంగతి నువ్వే గుర్తుపెట్టుకో" అని వదిలేస్తే సరిపోదు.

ఎందుకు సరిపోదో మన సిటీ బంకుల్ని చూస్తే తెలుస్తుంది. హైవే మీద బంకుల్లో లారీలు తిరిగేంత జాగా ఉంటుంది. ఏ పక్కకి వచ్చి ఆగినా ఒక చుట్టు తిరిగి సర్దుకోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట, మెహదీపట్నం లాంటి చోట్ల అలా కుదరదు. లోపలికి రావడానికి ఒక దారి, బయటికి పోవడానికి ఒక దారి, మధ్యలో రెండో మూడో పంపులు. ఒక మూల గాలి కొట్టే మిషను, దాని ముందు ఎప్పుడూ ఒక ఆటో. ఇంకో మూల పొల్యూషన్ చెకింగ్ వ్యాను. స్కూటర్ల లైను వంకర తిరిగి కార్ల పంపు దాకా వచ్చేసి ఉంటుంది. ఇంత ఇరుకులో ఒక కారు తప్పు పక్కకి వచ్చి ఆగిందంటే దాన్ని వెనక్కి తీయాలి. దాని వెనక కారు కదలాలి. ఆ కారు వెనక బైకులు పక్కకి జరగాలి. అప్పటికే లైను రోడ్డు మీదికి పాకి ఉంటుంది కాబట్టి అటుగా పోయే బస్సు కూడా ఆగుతుంది.

అంటే నా కారు ట్యాంకు ఏ పక్కనో నాకు తెలియకపోవడం నా ఒక్కడి సొంత వ్యవహారం కాదు. దాని భారం ముందు పడేది పంపు దగ్గర నిలబడ్డ కుర్రాడి మీద. షిఫ్టంతా ఎండలో, పెట్రోల్ వాసనలో నిలబడి, "జీరో చూస్కోండి సార్" అని ప్రతి బండికీ చెప్తూ, మధ్యమధ్యలో ట్రాఫిక్ పోలీసు పని కూడా అతనే చేయాలి. "అన్నా, ఇటు గాదు, ట్యాంకు అటు దిక్కున్నది, ముంగటికి పోయి తిప్పుకొని రా" అని అరవాలి. వెనకవాళ్ళు హారన్లు కొట్టేదీ అతన్ని చూసే, తిట్టేదీ అతన్నే.

ఉప్పల్ వైపు మేం మామూలుగా వెళ్ళే బంకులో పనిచేసే ఒక అబ్బాయిని అడిగాను, కారు చూడగానే ఏ పక్కో ఎలా తెలుస్తుందని. "రోజూ జూస్తుంటే ఎరుకైతది సార్. మారుతీ అయితే ఎడమ దిక్కే ఉంటది. హ్యుందాయ్ కూడ ఎక్కువ అటే. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ వస్తే కుడి దిక్కు. బండి లోపలికి తిరగంగనే చెయ్యి జూపిస్తం. లోపలున్నోళ్ళు ఫోన్ల ఉంటరు, జూడరు." ఆ మాటలో చిరాకు లేదు, పని తెలిసినవాడి ధీమా ఉంది. వచ్చే ప్రతి కారు సంగతీ అతను తలలో పెట్టుకోగలుగుతున్నాడు. నడిపేవాళ్ళకి తమ ఒక్క కారు సంగతి చెప్పే గుర్తు కళ్ళెదుటే ఉంది, అది అక్కడ ఉందని చెప్పినవాళ్ళే లేరు.

"పైపు పొడుగ్గానే ఉంటుందిగా, అటు నుంచి లాగి పోస్తారులే" అనేవాళ్ళున్నారు. లాగుతారు, నిజమే. చాలా బంకుల్లో పైపు కారు వెనక నుంచి తిప్పితే అవతలి పక్కకి అందుతుంది కూడా. కానీ అలా పోస్తున్నప్పుడు ఒకసారి దిగి దగ్గర నుంచి చూడండి. లోపల పెట్రోల్ నిండి ఉన్న పైపు తేలిగ్గా ఉండదు. దాన్ని డిక్కీ మీదుగా లాగుతుంటే పెయింటుకి రాసుకుంటుంది. పైపు అటు నుంచి గుంజుతూ ఉంటుంది కాబట్టి నాజిల్ ట్యాంకు గొట్టంలో తిన్నగా కూర్చోదు, వంకరగా నిలబడుతుంది. ఆ కుర్రాడు చేత్తో పట్టుకునే ఉండాలి.

నాజిల్ తిన్నగా కూర్చోవాలనడానికి ఒక కారణం ఉంది. నాజిల్ మొన దగ్గర సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. పెట్రోల్ పారుతున్నంతసేపూ ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి పోతూ ఉంటుంది. ట్యాంకు నిండి పెట్రోల్ ఆ రంధ్రం దాకా వచ్చిందంటే గాలి దారి మూసుకుపోతుంది, నాజిల్ లోపల గాలి ఒత్తిడి పడిపోతుంది, ఆ లాగుడికి ట్రిగ్గర్ టక్కున వదిలేసి పెట్రోల్ ఆగిపోతుంది. కరెంటుతో పనిలేని ఏర్పాటు ఇది. నాజిల్ వంకరగా ఉంటే గొట్టంలో ఎగిసే తుంపర్లకే రంధ్రం మూసుకుని మాటిమాటికీ ఆగిపోవచ్చు. లేదా బయటికి తీసేటప్పుడు నాలుగు చుక్కలు వెనక చక్రం మీద పడతాయి. లీటరు వంద రూపాయలు దాటిన పెట్రోల్‌ని అలా కార్చుకోవడం నాకు నచ్చదు. మంటకి దగ్గరైన వస్తువు కాబట్టి అసలే నచ్చదు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న: అన్ని కంపెనీలూ కలిసి ట్యాంకు మూత ఒకే పక్కన పెట్టేస్తే గొడవే ఉండదు కదా? వినడానికి బాగుంటుంది. నేను మాత్రం ఒప్పుకోను.

ముందు అసలు ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. జపాన్‌లో మనలాగే రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతారు. జర్మనీలో కుడి పక్కన. దారిలో పెట్రోల్ అయిపోయి కారు పక్కకి ఆపితే, డబ్బాతో పోసే మనిషి రోడ్డు మధ్యలో కాకుండా అంచున నిలబడాలి. ఆ లెక్కన జపాన్ కారుకి ఎడమ, జర్మన్ కారుకి కుడి సరైన పక్క అవుతుంది. జపాన్ కార్లలో ఎక్కువ భాగం ఎడమ పక్కన, జర్మన్ కార్లలో ఎక్కువ భాగం కుడి పక్కన మూత ఉండటానికి సాధారణంగా చెప్పే కారణం ఇదే. మన రోడ్ల మీద తిరిగే కార్లలో సుజుకీ డిజైన్లే ఎక్కువ కాబట్టి మనకి ఎడమ పక్క మూతలు ఎక్కువగా కనిపిస్తాయి.

మరి అదే కారుని స్టీరింగ్ అటు మార్చి వేరే దేశంలో అమ్మేటప్పుడు మూత కూడా మార్చరా అంటే, సాధారణంగా మార్చరు. ఇప్పటి కార్లలో ట్యాంకు సాధారణంగా వెనక సీటు కింద, వెనక ఇరుసుకి ముందు ఉంటుంది. వెనక నుంచి ఎవరైనా గుద్దినా ట్యాంకు నలగకుండా ఉండటానికి అది మంచి చోటు. ఒకప్పుడు అమెరికాలో నంబరు ప్లేటు వెనక ట్యాంకు మూత పెట్టిన కార్లు ఉండేవి. వాటితో ఏ పక్క అన్న సమస్యే ఉండేది కాదు. కానీ వెనక నుంచి గుద్దుకునే ప్రమాదాల మీద 1970లలో అక్కడ నిబంధనలు గట్టిపడ్డాక ఆ పద్ధతి మరుగున పడింది. ట్యాంకు నుంచి పైకి వచ్చే గొట్టం, దాని వెంట గాలి బయటికి పోయే సన్న గొట్టం, రెండూ వెనక చక్రం మీది డొప్ప పక్కగా మూత దాకా వస్తాయి. సైలెన్సర్ గొట్టం వేడి తగలకుండా దారి చూసుకోవాలి. బయటి రేకులో మూతకి కోత పెట్టాలి. ఇవన్నీ అటూ ఇటూ మార్చాలంటే సగం వెనక భాగం మళ్ళీ గీయాలి. స్టీరింగ్ మార్చడం తప్పదు కాబట్టి మారుస్తారు, దీన్ని వదిలేస్తారు.

సరే, రేపటి నుంచి అన్నీ ఎడమ పక్కకే మార్చేశారనుకుందాం. అప్పుడు బంకులో ఏం జరుగుతుంది? మన బంకుల్లో కార్లన్నీ ఒకే దిక్కు నుంచి లోపలికి వస్తాయి. పంపుకి రెండు పక్కలా బండ్లు నిలబడతాయి. ఎడమ మూత కార్లు పంపుకి ఒక పక్కన, కుడి మూత కార్లు ఇంకో పక్కన. అన్నిటికీ ఒకే పక్కన మూత ఉంటే ప్రతి పంపుకీ ఒక పక్క ఖాళీగా పడి ఉంటుంది, లేదా అటు పక్కకి పైపు గుంజాల్సి వస్తుంది. జాగా లేని మన సిటీలో అది పెద్ద నష్టం. రెండు రకాలూ కలిసి ఉండటమే మంచిది. కావాల్సింది ఎవరిది ఏ పక్కో వాళ్ళకి ముందే తెలియడం.

2024 జనవరి 2న ఇది బాగా కనిపించింది. కొత్త న్యాయ సంహితలో హిట్ అండ్ రన్ కేసులకి పదేళ్ళ దాకా జైలు పెట్టారని లారీ, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెకి దిగారు. పెట్రోల్ దొరకదన్న వార్త పాకగానే హైదరాబాద్ అంతా బంకుల మీద పడింది. లైన్లు రోడ్ల మీద బారులు తీరాయి. చంచల్‌గూడలో ఫుడ్ డెలివరీ చేసే ఒకతను గుర్రం మీద వెళ్ళిన వీడియో దేశమంతా చూసింది. సమ్మె ఆ రాత్రికే ఆగిపోయింది. కానీ ఆ పగలు కార్ల లైనులో చాలాసేపు నిలబడి, తీరా పంపు దగ్గరికి వచ్చాక ట్యాంకు అటు పక్క అని తెలిస్తే ఏం చేస్తారు? తిప్పుకొని రావడానికి సందు లేదు, బయటికి పోతే మళ్ళీ లైను చివరికి. వెనకవాళ్ళు ఒప్పుకోరు. అలాంటి రోజున మామూలుగా సర్దుకుపోయే మనుషులు కూడా మాటా మాటా అనుకుంటారు. ఎడమ మూత కార్ల లైను ఎప్పుడూ పొడుగే కాబట్టి కుడి మూత ఉన్నవాళ్ళు ఆ సంగతి తెలిస్తే అవతలి పక్క చిన్న లైనులో చేరి ముందే బయటపడొచ్చు.

బాణం సంగతి తెలియనివాళ్ళు తమకి తోచిన సూత్రాలు పెట్టుకుంటారు. ఆ సూత్రాలు వాట్సాప్‌లో కూడా తిరుగుతుంటాయి. అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది, పంపు బొమ్మలో పైపు ఏ పక్కన గీసి ఉంటే ట్యాంకు ఆ పక్కన ఉంటుందని. ఇది తప్పు. ఆ బొమ్మ ఐఎస్ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న గుర్తు. ఏ కంపెనీ కారైనా దాదాపు అదే బొమ్మ వాడుతుంది, అందులో పైపు ఎక్కువగా కుడి వైపే గీసి ఉంటుంది. మారుతీ కారులో కూర్చుని చూడండి: బొమ్మలో పైపు కుడికి ఉన్నా ట్యాంకు ఎడమకే ఉంటుంది. ఈ ఒక్క ఉదాహరణతో ఆ సూత్రం వీగిపోతుంది. బొమ్మని నమ్మొద్దు, బొమ్మ పక్కన త్రికోణాన్ని నమ్మండి.

సైలెన్సర్ గొట్టానికి ఎదుటి పక్కన ఉంటుందని ఇంకో మాట. వేడికి దూరంగా పెట్టడం వల్ల కొన్ని కార్లలో అది నిజమే అవుతుంది. కానీ గొట్టాన్ని బంపర్ కింద దాచేసిన కార్లున్నాయి, రెండు పక్కలా గొట్టాలున్నవీ ఉన్నాయి. డ్రైవర్ సీటుకి ఎదుటి పక్కన ఉంటుందన్నది మూడోది. స్టీరింగ్ మారినా మూత మారదని పైన చెప్పాను కదా, దాంతో అదీ పోయింది.

ఈ బాణం వాడుకలోకి రావడం వెనక ఒక మనిషి ఉన్నాడు. జిమ్ మొయిలన్ అని ఫోర్డ్ కంపెనీలో ఇంజనీరు. 1986లో ఒకరోజు మీటింగుకని కంపెనీ కారు తీసుకుని బయల్దేరాడు. అది తన కారు కాదు, ఆఫీసులో ఎవరికి అవసరమైతే వాళ్ళు వాడుకునేది. పెట్రోల్ కొట్టిద్దామని ఆపితే ట్యాంకు అవతలి పక్కన ఉంది. బయట వాన. తడిసి ముద్దయ్యాడు. ఆఫీసుకి తిరిగి రాగానే పై అధికారులకి ఒక నోట్ రాశాడు: పెట్రోల్ మీటర్ దగ్గర, మూత ఏ పక్కన ఉందో చెప్పే చిన్న గుర్తు పెడదాం అని. ఇంట్లో రెండు మూడు కార్లు ఉన్నవాళ్ళకి కూడా పనికొస్తుందని ఆలోచించాడు. కంపెనీ ఒప్పుకుంది. 1989 మోడల్ ఫోర్డ్ ఎస్కార్ట్‌లో, మెర్క్యురీ ట్రేసర్‌లో ఆ బాణం వచ్చింది. తర్వాత మిగతా కంపెనీలు కూడా పెట్టుకుంటూ పోయాయి. ఈరోజు దాన్ని మొయిలన్ బాణం అనే పిలుస్తున్నారు.

నాకు ఈ కథలో నచ్చేది అతను చోటు ఎంచుకున్న తీరు. మూత తెరిచే లివర్ సీటు పక్కన కింద ఉంటుంది. అక్కడ పెట్టొచ్చు. కారుతో ఇచ్చే పుస్తకంలో రాయొచ్చు. వెనక అద్దం మీద స్టిక్కర్ వేయొచ్చు. కానీ పెట్రోల్ కొట్టించాలన్న ఆలోచన మనకి ఎప్పుడు వస్తుంది? ముల్లు కిందికి దిగినప్పుడు, రిజర్వ్ లైటు వెలిగినప్పుడు. అప్పుడు మన కన్ను ఎలాగూ మీటర్ మీదే ఉంటుంది. అవసరం పుట్టిన చోటే జవాబు పెట్టాడు. ఎర్రమంజిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆరెంజ్ లైటు చూసి టెన్షన్ పడుతున్న మనిషికి కావాల్సింది సరిగ్గా ఆ సమయంలో, ఆ చోట దొరుకుతుంది. ఇంత ఆలోచించి పెట్టిన దాన్ని నోటితో ఒక్క మాట చెప్పకపోవడం వల్ల వృథా చేస్తున్నాం.

అందుకే షోరూంల మీద నాకు కోపం. మన దగ్గర కొత్త కారు డెలివరీ ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. కారు మీద కప్పిన గుడ్డ తీస్తారు. కేక్ కోయిస్తారు. పెద్ద తాళంచెవి బొమ్మ చేతికిచ్చి ఫోటో తీస్తారు. పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఫోన్ బ్లూటూత్‌కి ఎలా కలపాలో, స్క్రీన్ రంగు ఎలా మార్చాలో ఓపిగ్గా చెప్తారు. అన్నీ అయ్యాక చివర్లో అంటారు, "సార్, పెట్రోల్ కొంచెమే ఉంది, బయటికి వెళ్ళగానే కొట్టించుకోండి" అని. అంటే కొత్త కారు తీసుకున్న మనిషి మొదటగా వెళ్ళేది బంకుకే. ఇంటిల్లిపాదీ లోపల కూర్చుని ఉంటారు, బానెట్ మీద పూలదండ ఉంటుంది, కుంకుమ ఇంకా ఆరలేదు, చేతులు వణుకుతుంటాయి. ఆ క్షణంలో అవసరమయ్యే విషయం ఒక్కటే, ట్యాంకు ఏ పక్క అని. దాన్ని తప్ప అన్నీ చెప్పి పంపిస్తారు.

పైగా మనలో చాలామంది మొదటి కారు కొనేదాకా బైకో స్కూటరో నడిపినవాళ్ళే. బైకుకి ట్యాంకు ఒళ్ళో ఉంటుంది, స్కూటర్ చాలావాటికి సీటు కింద. ఏ పక్క అన్న ఆలోచనే రాదు. ఆ అలవాటుతోనే కారు ఎక్కుతారు. డ్రైవింగ్ స్కూళ్ళైనా చెప్పాలి కదా. ఎల్ఎల్ఆర్ తీయించినప్పటి నుంచి టెస్టు దాకా వాళ్ళ దృష్టి అంతా ట్రాక్ మీద ఎనిమిది వేయించడం మీదే, రివర్స్ తీయించడం మీదే ఉంటుంది. స్కూలు కారులో పెట్రోల్ వాళ్ళే పోయించుకుంటారు కాబట్టి నేర్చుకునే మనిషి బంకు లోపలికి ఒక్కసారి కూడా నడుపుకుంటూ వెళ్ళకుండానే లైసెన్సు చేతికొస్తుంది.

మా పిన్ని సంగతి చెప్పాలి. వనస్థలిపురంలో ఉంటుంది, స్కూల్లో టీచరు. యాభై దాటాక పట్టుబట్టి కారు నేర్చుకుంది. ఎల్బీ నగర్ ఫ్లైఓవర్లన్నీ ఆమెకి కొట్టిన పిండి, యాదగిరిగుట్టకి తనే నడుపుకుంటూ వెళ్ళి వస్తుంది. కానీ పెట్రోల్ మాత్రం బాబాయ్ కొట్టించుకు రావాలి. ఆయన ఊళ్ళో లేకపోతే కారు తీయదు. చాలాకాలం దానికి కారణం మాకెవరికీ తెలియలేదు. ఒకరోజు నేను పక్కన కూర్చుని ఉండగా రిజర్వ్ లైటు వెలిగింది. బంకు ఎదురుగానే ఉంది, అయినా ముందుకే పోతోంది. అడిగితే చెప్పింది. కారు కొత్తలో ఒకసారి బంకుకి వెళ్తే తప్పు పక్కన ఆగిందట. వెనక నుంచి హారన్లు. ఎవడో పక్కకొచ్చి, "నడపరానోళ్ళకి కార్లెందుకమ్మా" అన్నాడట. పెట్రోల్ పోయించుకోకుండానే బయటికి వచ్చేసింది. మళ్ళీ ఒంటరిగా బంకులోకి తిరగలేదు.

బండి పక్కకి ఆపమని మీటర్ చూపించాను. "ఈ బొమ్మ పక్కన చూడు పిన్నీ, ఎడమకి చూపిస్తోందా? ట్యాంకు ఎడమ పక్కనే." కళ్ళద్దాలు పైకి జరిపి చూసింది. "ఇది బొమ్మల భాగమే అనుకున్నరా ఇన్నొద్దులు. బండి కొన్ననాడు గంటసేపు కూసోబెట్టి ఫోన్ ఎట్ల కలపాల్నో, పాటలు ఎట్ల పెట్టాల్నో చెప్పిన్రు గని, ఇది చెప్పకపాయిరి" అంది. ఆ గొంతులో ఉన్నది ఆశ్చర్యం కాదు, కోపం. ఆ కోపం న్యాయమైనదే. సొంత సంపాదనతో కారు కొనుక్కుని, తిట్లూ భయాలూ దాటుకుని నేర్చుకున్న మనిషి, ఒక్క వాక్యం ఎవరూ చెప్పనందుకు ఇన్నాళ్ళూ ఇంకొకరి మీద ఆధారపడింది. ఆ వారమే తన స్కూల్లో కారు నడిపే మిగతా టీచర్లందరికీ స్టాఫ్ రూంలో బొమ్మ గీసి మరీ చెప్పిందట. వాళ్ళలో ఇంకొకామె కూడా బంకు పని తమ్ముడి మీద వదిలేసి ఉంది.

"సొంత కారే కదా, ఒకసారి చూసుకుంటే గుర్తుంటుంది" అనేవాళ్ళకి ఇంకో మాట. మనం నడిపేది మన కారొక్కటేనా? పెళ్ళిళ్ళ సీజన్ వస్తే బావగారి కారు తీసుకుని చుట్టాల్ని స్టేషన్ నుంచి తేవాలి. నాన్నకి ఒంట్లో బాగాలేదంటే పక్కింటివాళ్ళ కారు అడిగి రాత్రికి రాత్రి ఆసుపత్రికి పోవాలి. శ్రీశైలం వెళ్దామంటే సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకి తీసుకుంటాం, అది తిరిగి ఇచ్చేటప్పుడు తీసుకున్నప్పుడెంత పెట్రోల్ ఉందో అంతే ఉంచి ఇవ్వాలి. పరాయి కారులో గుర్తుండటానికి ఏముంటుంది? మొయిలన్‌కి ఇబ్బంది వచ్చిందీ పరాయి కారుతోనే. పాత కారై బాణం లేకపోతే బయల్దేరే ముందే ఒకసారి వెనక్కి నడిచి మూత ఎటుందో చూసి ఎక్కండి.

నేను అడుగుతున్నవి ఖర్చులేని పనులు. డెలివరీ రోజున చెక్ లిస్టు అని ఒక కాగితం మీద సంతకాలు పెట్టిస్తారు. అందులో ట్యాంకు ఏ పక్కో, బాణం ఎక్కడుందో చూపించామని ఒక గీత చేర్చండి. డ్రైవింగ్ స్కూళ్ళు చివరి క్లాసుల్లో ఒకటి బంకులో పెట్టండి: నేర్చుకునే మనిషే లోపలికి నడపాలి, మీటర్ జీరో చూసుకోవాలి, మూత తెరవాలి. బంకులవాళ్ళు లోపలికి తిరిగే చోట "ట్యాంకు ఎడమ", "ట్యాంకు కుడి" అని బాణాలతో రెండు బోర్డులు తెలుగులో, ఉర్దూలో పెట్టండి. మన దేశంలో డ్యాష్‌బోర్డు గుర్తులకి ఏఐఎస్-071 అనే ప్రమాణం ఉంది. బాణాన్ని కూడా అందులో తప్పనిసరి చేయాలి. ముల్లు మీటర్లు పోయి అంతా స్క్రీన్ అయిపోతున్న ఈ రోజుల్లో ఏ డిజైనర్‌కో అందంగా లేదనిపించి ఆ త్రికోణం ఎగిరిపోకుండా నిబంధనే కాపాడాలి.

ఎలక్ట్రిక్ కార్లు వస్తే ఈ గొడవ ఉండదని కొందరంటున్నారు. నాకు అది పెరిగేలా కనిపిస్తోంది. ఇప్పటి కార్లలో పెట్రోల్ మూతకి దాదాపు రెండే చోట్లు, వెనక ఎడమ, వెనక కుడి. చార్జింగ్ మూతకి అలాంటి హద్దు లేదు. ఎంజీ కామెట్‌కి, జడ్ఎస్ ఈవీకి ముందు ముక్కు దగ్గరే ఉంటుంది, హ్యుందాయ్ కోనాకీ అంతే. ఇంకొన్నిటికి పక్కన, ఇంకొన్నిటికి వెనక. బంకులో అయితే చెయ్యి ఊపే కుర్రాడు ఉంటాడు, మాల్ బేస్‌మెంట్‌లో చార్జర్ పక్కన ఎవరూ ఉండరు. కేబుల్ పొడవు ఇంతే. ముందుకి పార్క్ చేయాలా, రివర్స్‌లో పెట్టాలా అన్నది కారు ఆపకముందే తెలియాలి. అపార్ట్‌మెంట్లలో అయితే ఇంకా ముందే తెలియాలి, ఎందుకంటే మియాపూర్‌లో, కొంపల్లిలో అసోసియేషన్లు ఇప్పటికే ఎవరి పార్కింగ్‌లో ఏ స్తంభానికి చార్జింగ్ పాయింటు పెట్టాలని మాట్లాడుకుంటున్నాయి. స్తంభం ముందుంటే మూత వెనకున్న కారు ఎలా పెట్టాలి, రేపు కారు మారిస్తే పాయింటు మార్చాలా అని మీటింగుల్లో తేలడం లేదు. బ్యాటరీ శాతం చూపించే అంకె పక్కన, ముందా వెనకా, ఎడమా కుడా చెప్పే గుర్తు అన్ని కంపెనీలకీ ఒకేలా ఉండాలని ఇప్పుడే నిర్ణయించాలి. ఎవరి బొమ్మ వాళ్ళు గీసుకున్నాక కలపడం కష్టం.